గడియారం చూసి నీళ్లు తాగే తల్లులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గర్భం, ఇన్‌ఫెక్షన్ల గురించినవే. వాటిలో నుంచి అయిదింటిని తీసుకున్నాను. మొదటి రెండింటికి చోటు ఎక్కువ పట్టింది, మిగతావారు మన్నించాలి. ఎప్పటిలాగే ఎవరి పేరూ, ఊరూ వేయడం లేదు.

ప్రశ్న: నాకు ఆరో నెల. ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాను. పోయిన వారం మూత్ర పరీక్షలో సూక్ష్మక్రిములు ఉన్నాయని చెప్పి వారం రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. నాకు మంట లేదు, నొప్పి లేదు, జ్వరం లేదు. ఏ బాధా లేనప్పుడు మందులు మింగితే బిడ్డకు హాని అని నా పక్కన పనిచేసే అక్క భయపెట్టింది. రెండు రోజులు వేసుకుని ఆపేశాను. శుభ్రంగా ఉండకపోవడం వల్లే వచ్చిందని మా అత్తగారు అంటున్నారు. నేను రోజూ స్నానం చేస్తాను డాక్టరుగారూ. పని మధ్యలో బాత్రూముకు రెండుసార్లే పంపుతారు కాబట్టి నీళ్లు మాత్రం తక్కువ తాగుతాను. అదేమైనా కారణమా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజునే మీరిచ్చిన నంబరుకు ఫోను చేయించాను. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదిది. ఇప్పుడు రాస్తున్నది మీలాగే మాత్రలు సగంలో ఆపి, ఎవరినీ అడగలేక ఊరుకున్న వారి కోసం.

ఏ బాధా లేకుండా మూత్రంలో క్రిములు పెరగడం గర్భిణుల్లో నూటికి రెండు నుంచి పది మందికి కనిపిస్తుంది. గర్భం లేని ఆరోగ్యవంతురాలికైతే దీన్ని చాలావరకు పట్టించుకోం. గర్భిణి విషయంలో ఎందుకు పట్టించుకుంటామంటే, గర్భం నిలిచాక హార్మోన్ల ప్రభావంతో మూత్రపిండాల నుంచి మూత్రాశయానికి దిగే సన్నని గొట్టాలు వదులవుతాయి. పెరుగుతున్న గర్భసంచి వాటిని పక్క నుంచి నొక్కుతుంది, కుడివైపు మరీ ఎక్కువ. మూత్రం జారిపోకుండా నిలుస్తుంది. నిలిచిన నీటిలో క్రిములకు తీరిక దొరుకుతుంది. అవి మెల్లగా పైకి, మూత్రపిండం దాకా ఎక్కితే వణుకుతో కూడిన జ్వరం, నడుము పక్కన పోటు, వాంతులు మొదలవుతాయి. చికిత్స లేకుండా వదిలేసిన వారిలో నలుగురిలో ఒకరికి, అంతకంటే ఎక్కువ మందికి కూడా, ఇలా జరిగేదని పాత అధ్యయనాలు చూపాయి. ఆ జ్వరం నెలలు నిండకముందే నొప్పులు తెప్పించగలదు. అందుకే బాధ లేకపోయినా పరీక్ష, బాధ లేకపోయినా మందు.

బిడ్డకు హాని అన్న భయం పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు. గర్భంలో వాడకూడని యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. టెట్రాసైక్లిన్ రకాలు బిడ్డ పళ్లకు మచ్చలు తెస్తాయి. ట్రైమెథోప్రిమ్‌ను మొదటి మూడు నెలల్లో దూరం పెడతాం. నైట్రోఫ్యురాంటయిన్‌ను కాన్పు దగ్గరపడ్డాక ఆపేస్తాం. కాబట్టి ఇంట్లో మిగిలిన మాత్రలో, పక్కవారి చీటీ మీద మందులో వేసుకోవద్దు. కానీ మీరు గర్భిణి అని తెలిసి, నెల చూసి రాసిన మందు ఈ లెక్కలన్నీ వేసి రాసినదే. సగంలో ఆపిన వారు ఆ మాట దాచకుండా రాసిన డాక్టరుకే చెప్పాలి. సిగ్గుపడి పూర్తిగా వాడానని అబద్ధం చెప్పేవారు నాకు చాలామంది తగిలారు, ఆ అబద్ధం వల్ల తర్వాత రాసే మందు తప్పుతుంది. చికిత్స ముగిశాక మూత్రంలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి, ఎందుకంటే ఇది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ మీద కోపం వద్దు గాని, ఆ మాట తప్పు. ఎక్కువ కేసుల్లో ఈ క్రిమి ఈ.కోలై. అది బయట మురికిలో నుంచి వచ్చి ఎక్కదు, ప్రతి మనిషి పేగుల్లోనూ కాపురం ఉంటుంది. స్త్రీ శరీరంలో మలద్వారానికీ మూత్రద్వారానికీ దూరం తక్కువ, మూత్రనాళం పొట్టి. ఇంత చిన్న దారి ప్రకృతి ఇచ్చినప్పుడు ఎన్ని స్నానాలు చేసినా క్రిమి ఎప్పుడో ఒకప్పుడు దాటుతుంది. మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం మంచిదే. సబ్బుతో లోపలంతా రుద్దడం మాత్రం చెడుపు, అక్కడ కాపలా కాసే మంచి క్రిములు కూడా పోతాయి.

అసలు ప్రశ్న మీరు ఉత్తరం చివర్లో వేశారు. నీళ్ల సంగతి. తక్కువ నీళ్లు తాగే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వచ్చే స్త్రీలకు రోజూ మామూలుకంటే లీటరున్నర అదనంగా తాగించి ఏడాది పాటు చూసిన ఒక ప్రయోగం 2018లో వెలువడింది. తాగిన వారిలో ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. వారు గర్భిణులు కారు కాబట్టి ఆ అంకెను మీకు అంటగట్టను. కానీ మూత్రం బిగబట్టుకోవడం, నీళ్లు మానుకోవడం మీకు మేలు చేయవని చెప్పడానికి వేరే ప్రయోగం అక్కరలేదు.

నా దగ్గరికి వచ్చిన ఒకామె నీళ్లకు వేళలు పెట్టుకుంది. పదింటికి రెండు గుక్కలు, పన్నెండున్నరకు అర గ్లాసు, ఆ తర్వాత ఇంటికి వెళ్లేదాకా పెదవులు తడుపుకోవడమే. ఆమెకు మూడోసారి అదే ఇన్‌ఫెక్షన్. రెండుసార్లు నేను మందు మార్చాను, మూడోసారి అడిగాను నీళ్ల గురించి. ముందే అడగనందుకు నాకు నా మీదే చిరాకు వేసింది. అప్పటి నుంచి మందుల చీటీతో పాటు ఇంకో చీటీ రాయడం మొదలుపెట్టాను: “ఈమె గర్భిణి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స జరుగుతోంది. అవసరమైనప్పుడల్లా బాత్రూముకు వెళ్లనివ్వడం వైద్యపరంగా తప్పనిసరి.” ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చేదాన్ని. ప్రతి చోటా పనిచేసిందని చెప్పను. ఒక పై అధికారి ఆ చీటీ చించి ఇచ్చాడట. కానీ ముద్ర ఉన్న కాగితానికి చాలామంది భయపడతారు. మీ డాక్టరును అడిగి రాయించుకోండి. రాయడానికి వారికి రెండు నిమిషాలు పడుతుంది.

ప్రశ్న: సామాజిక శాస్త్రం చదువుతున్నాను. మా పాఠంలో, నెలలు నిండకుండా కాన్పు కావడానికి కారణాల జాబితాలో ఇన్‌ఫెక్షన్, తక్కువ ఆదాయం పక్కపక్కన ఉన్నాయి. ఇన్‌ఫెక్షన్ అంటే అర్థమవుతుంది. ఆదాయం గర్భసంచిలోకి ఎలా వెళ్తుంది మేడమ్?

జవాబు: బాబూ, జాబితా వేశారు కాబట్టి అవి పక్కపక్కన నిలబడ్డాయి. మనుషుల్లో చూస్తే చాలాసార్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి.

మొదట గర్భసంచి వైపు నుంచి చెబుతాను. 37 వారాలు నిండకముందే జరిగే కాన్పుల్లో కనీసం నాలుగో వంతు వెనక గర్భసంచి లోపలి ఇన్‌ఫెక్షన్ ఉంటుందని అంచనా. కాన్పు ఎంత ముందుగా జరిగితే ఆ అనుమానం అంత బలపడుతుంది. క్రిములు ఎక్కువగా కింది నుంచి పైకి పాకి ఉమ్మనీటి సంచి పొరలను చేరతాయి. శరీరం వాటితో పోరాడే క్రమంలో వాపు పుట్టించే రసాయనాలు విడుదల చేస్తుంది. వాటి వల్ల ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి, నొప్పులు తెచ్చేవి అవే. పొరలు కూడా బలహీనపడి చిరుగుతాయి. అంటే తల్లి శరీరం తనను కాపాడుకునే ప్రయత్నంలోనే బిడ్డ ముందుగా బయటపడుతుంది.

ఇప్పుడు ఆదాయం వైపు నుంచి. ఒకే గదిలో ఆరుగురు పడుకుంటే క్షయ, ఫ్లూ సులువుగా పాకుతాయి. రక్తం తక్కువగా ఉన్న తల్లికి, అంటే హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకంటే తక్కువ ఉన్నవారికి, కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా తట్టుకునే నిల్వ ఉండదు. వీటన్నిటికంటే పెద్దది నా అనుభవంలో ఆలస్యం. సుఖవ్యాధి అయిన సిఫిలిస్ సంగతే తీసుకోండి. తొలి దశలో ఉన్నట్లు తేలితే ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్‌తో తల్లికీ, కడుపులోని బిడ్డకూ చికిత్స అయిపోతుంది, కాన్పుకు కనీసం నెల ముందు ఇవ్వగలిగితే. రక్తపరీక్ష మూడో నెలలో చేయించుకున్నామెకు ఆ నెల గడువు దొరుకుతుంది. తొమ్మిదో నెలలో మొదటిసారి ఆసుపత్రి గడప తొక్కినామెకు దొరకదు. క్రిమి ఒకటే, మందు ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి గర్భిణికి ఎనిమిదిసార్లు వైద్య పరీక్ష, అందులో మొదటిది 12 వారాల లోపే జరగాలని చెబుతోంది. ఎనిమిదిసార్లు వెళ్లడమంటే రోజుకూలి మీద బతికేవారికి ఎనిమిది రోజుల కూలి పోవడం. ఆదాయం గర్భసంచిలోకి వెళ్లే దారుల్లో ఇది ఒకటి.

ఈ విషయం మీద నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆస్ట్రియా రాజధాని వియన్నా. అక్కడి పెద్ద ఆసుపత్రిలో 1840లలో రెండు ఉచిత ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు నేర్చుకునేవారు. రోజు విడిచి రోజు చేర్చుకునేవారు. మొదటిదానిలో బాలింత జ్వరంతో నూటికి పది మంది దాకా చనిపోతే, రెండోదానిలో నాలుగు చొప్పున. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. మొదటి విభాగం వంతు వచ్చిన రోజున తమను అక్కడ చేర్చవద్దని మోకాళ్ల మీద బతిమాలినవారున్నారు. దారిలోనే కని, కాన్పు అయిపోయిందని చెప్పి వచ్చినవారున్నారు. ఆశ్చర్యమేమిటంటే దారిలో కన్నవారికి జ్వరం తక్కువ. 1847లో శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి కత్తి గుచ్చుకుని కోలెచ్కా అనే ప్రొఫెసరు చనిపోయాడు. ఆయన శరీరంలో కనిపించిన మార్పులు బాలింతల శరీరాల్లో కనిపించినవే. ఆ విభాగంలో పనిచేసే డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌కు అప్పుడు తట్టింది, శవాల గది నుంచి నేరుగా కాన్పు గదికి వచ్చే చేతులే జ్వరాన్ని మోస్తున్నాయని. మే నెల మధ్య నుంచి అందరిచేతా క్లోరిన్ ద్రావణంలో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌లో రెండు చిల్లరకు పడిపోయాయి.

ఈ కథ చెప్పేవారందరూ చేతుల దగ్గర ఆగుతారు. ఆ మంచాల మీద ఉన్నది ఎవరో చూడండి. డబ్బున్నవారు ఇంట్లోనే కనేవారు. ఉచిత వైద్యం కోసం, పుట్టిన బిడ్డను అనాథ శిశువుల గృహం తీసుకుంటుందన్న భరోసా కోసం, విద్యార్థులు తమ మీద నేర్చుకోవడానికి ఒప్పుకుని వచ్చిన పేద స్త్రీలు వారు. వారి ఇళ్ల మురికి వారిని చంపలేదు, చదువుకున్నవారి చేతులు చంపాయి. ఆ చేతుల కిందికి వారిని తెచ్చింది పేదరికం. మీ జాబితాలోని రెండు పదాలు ఇక్కడ ఎలా ముడిపడ్డాయో గమనించండి.

ఒక హెచ్చరిక కూడా. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకదాన్ని తొలగిస్తే రెండోది పోతుందనుకోవద్దు. యోనిలో మంచి క్రిముల స్థానంలో వేరేవి పెరిగే ‘బాక్టీరియల్ వజైనోసిస్’ ఉన్నవారిలో ముందస్తు కాన్పులు ఎక్కువ, ఇది నిజం. అయితే ఏ లక్షణాలూ, వేరే ముప్పూ లేనివారికి వెతికి మరీ మందు ఇస్తే ముందస్తు కాన్పులు తగ్గలేదు. మందు క్రిమిని చంపింది, క్రిమి వచ్చిన పరిస్థితిని తాకలేదు అని నేను అనుకుంటాను. ఇది నా అభిప్రాయం మాత్రమే, పరీక్షలో రాయకండి.

ఇంకొకటి. ఇది కటిక పేదలకు, మిగతావారికి మధ్య గీత గీసినట్టు ఉండే వ్యవహారం కాదు. 1967లో బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో తిండికి లేనివారు ఎవరూ లేరు, అందరికీ జీతాలున్నాయి. అయినా హోదా ఒక్కో మెట్టు దిగినకొద్దీ మరణాలు పెరిగాయి. అది మగవారి మీద, ఎక్కువగా గుండెజబ్బుల మీద జరిగింది. అయినా ఆరోగ్యం మెట్లు మెట్లుగా తగ్గుతుందని చూపింది. కాన్పుల గదిలో నేను చూసిందీ అదే.

ప్రశ్న: నేను ఉన్నతోద్యోగిని. మూడో నెల. నాకూ మావారికీ ఏ చెడు అలవాట్లూ లేవు. అయినా హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు రాశారు. అవమానంగా అనిపించింది. ఇవి అవసరమైన వారికి చేస్తే చాలదా?

జవాబు: చాలదమ్మా. “అవసరమైన వారు” ముఖం చూస్తే తెలిసేటట్టయితే నేను ముప్పై ఏళ్లు ప్రయోగశాలకు రక్తం పంపేదాన్నే కాదు. అందరికీ చేస్తారు కాబట్టే ఇందులో అవమానం లేదు. కొందరిని ఏరి చేస్తే అప్పుడు ఉంటుంది. హెచ్ఐవీ ఉన్న తల్లి నుంచి ఏ చికిత్సా లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం, చికిత్సతో అది 5 శాతం లోపు. హెపటైటిస్ బి ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు 24 గంటల లోపు టీకా పడాలి. తెలియకపోతే ఆ గంటలు గడిచిపోతాయి.

డబ్బు కాపాడుతుందన్న నమ్మకం గురించి ఒక పాత సంగతి. 1930ల మొదట్లో ఇంగ్లండ్, వేల్స్‌లో పసిపిల్లల మరణాలు పేదల్లో ఎక్కువ, అది అందరూ ఊహించేదే. ప్రసూతి మరణాలు మాత్రం పైవర్గాల్లో ఎక్కువగా ఉండేవి. పేదరాలికి మంత్రసాని వచ్చి ఓపికగా కూర్చునేది. ఉన్నవారికి డాక్టరు వచ్చేవాడు, తొందరపడి పరికరాలు వాడేవాడు, ఆ తర్వాత జ్వరం. 1936లో లండన్‌లో డాక్టర్ లియోనార్డ్ కోల్‌బ్రూక్ బాలింత జ్వరానికి ప్రాంటోసిల్ అనే సల్ఫా మందు వాడి ఫలితాలు ప్రకటించాక గాని ఆ మరణాలు గబగబా తగ్గలేదు. పరీక్ష చేయించుకోండి. మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: అయిదో నెల. చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. చిగుళ్ల జబ్బు వల్ల బిడ్డ ముందే పుడుతుందని చదివాను. గర్భంలో పంటి వైద్యం చేయించుకోవచ్చా?

జవాబు: నిశ్చింతగా చేయించుకోవచ్చు. చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో ముందస్తు కాన్పులు ఎక్కువని అధ్యయనాలు చూపాయి గాని, గర్భంలో చిగుళ్లు శుభ్రం చేయిస్తే అవి తగ్గుతాయని పెద్ద ప్రయోగాల్లో రుజువు కాలేదు. మీ నోటి కోసం చేయించుకోండి, కారణానికి అది చాలు.

ప్రశ్న: గతంలో మీరు “ఉమ్మనీరు పోయినట్టనిపిస్తే ఆలస్యం చేయకుండా వెళ్లండి” అని రాశారు. వెళ్లాను. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. తర్వాత వచ్చిన డాక్టరమ్మ “ఇంతసేపు ఏం చేస్తున్నావు, చదువుకోలేదా” అని అరిచింది. కాన్పై పదిహేను రోజులైంది, బిడ్డ బాగున్నాడు. కానీ మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలంటే కాళ్లు ఆడడం లేదు. రాయడం మీకు సులువు.

జవాబు: నిజమే, రాయడం సులువు. ఆ ఆసుపత్రి పేరు మీరు రాశారు, నేను ఇక్కడ వేయడం లేదు. ఎందుకంటే ఆ డాక్టరమ్మ అన్న మాటలు ఒకప్పుడు నావి కూడా.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, ఎనిమిదో నెల గర్భిణి జ్వరంతో వచ్చింది. ఉమ్మనీరు పోయి రెండు రోజులైంది, వాసన గది గుమ్మం దాకా వస్తోంది. “రెండు రోజులు ఎందుకు రాలేదు?” అని అరిచాను. ఆమె మాట్లాడలేదు. బిడ్డ దక్కలేదు, ఆమె పదకొండు రోజులు జ్వరంతో పోరాడి బతికింది. డిశ్చార్జి రోజున నర్సు చెప్పింది: ఆమె అంతకు ముందు రెండుసార్లు వచ్చి వెళ్లిందట. డాక్టరును చూడడానికి రాసే చీటీలు అప్పట్లో పన్నెండింటికే ఆపేసేవారు. ఆమె పని ఒంటిగంటకు గాని తెమలదు. కిటికీ మూసి ఉండడం చూసి వెనక్కి వెళ్లిపోయింది. అత్యవసర విభాగం రాత్రింబవళ్లు తెరిచే ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆ మాట రాసిన బోర్డు చదవడం ఆమెకు రాదు. ఆ తర్వాత గర్భిణుల చీటీలు సాయంత్రం అయిదు దాకా రాయించడానికి నేను ఎనిమిది నెలలు కాగితాల మీద కాగితాలు పెట్టాను. మొదటి వారం సాయంత్రాలు ముగ్గురే వచ్చారు. ఏడాదికల్లా బెంచీలు చాలలేదు.

ఇక మీ సంగతి, ఇది వాయిదా వేయకండి. కాన్పై పదిహేను రోజులే అయింది. ప్రసవానంతర ఇన్‌ఫెక్షన్ ఆరు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. ప్రపంచంలో ప్రసూతి మరణాలకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, వణుకు వచ్చినా, రక్తస్రావం దుర్వాసన వేసినా, పొత్తికడుపు నొప్పి పెరుగుతున్నా, కుట్టు దగ్గర ఎర్రబడి చీము పట్టినా, ఊపిరి వేగంగా ఆడినా, మాట తడబడినా వెళ్లాల్సిందే. జ్వరం లేదు కదా అని ఆగకండి. ఒక్కోసారి ఒళ్లు చల్లబడడం జ్వరంకంటే ప్రమాదకరం.

వెళ్లాక కిటికీ దగ్గర “ఒంట్లో బాగాలేదు” అనకండి. ఆ మాట మిమ్మల్ని బెంచీకి పంపుతుంది. “కాన్పై ఇన్ని రోజులైంది, జ్వరం ఇంత ఉంది, ఇన్ని గంటలకు మొదలైంది” అని అంకెలతో చెప్పండి. చిన్న కాగితం మీద రాసి చేతికివ్వండి, గొంతు పెగలనప్పుడు కాగితం మాట్లాడుతుంది. వీలైతే మాటకారి ఒకరిని వెంట తీసుకెళ్లండి. దగ్గరలో మరో ఆసుపత్రి ఉంటే ఇదివరకటి చోటికే వెళ్లాలని లేదు, కాన్పు కాగితాలు మాత్రం మరచిపోవద్దు. థర్మామీటరు ఇంట్లో లేకపోతే ఈ రోజే తెప్పించుకోండి.